దూది కట్టిన బండి

పోయిన వారం మా గల్లీలో మురుగునీళ్ల మోరీ పని మొదలైంది. తవ్వే మిషను సరిగ్గా మా ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది. దాని దారిలో, మా గోడ వెంట కొంచెం ఎడంగా పాత రంగు డబ్బాలు వరసగా, సగం మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి. ఒక్కో డబ్బా నిండా కాంక్రీటు, దాని నడుమ నిలబెట్టిన ఇనుప పైపు, పైపు కొసన గొలుసు తగిలించడానికి వంచిన కొక్కెం. వాటిని చేయించి పెట్టింది నేనే. వాటి అవసరం ఎప్పుడో తీరిపోయింది కానీ, ఎత్తలేని బరువు కాబట్టి అక్కడే ఉండిపోయాయి. మిషను నడిపే అతను కిందికి దిగి, "ఎవలివి సార్ గివి? పీకాల్నా, ఉంచాల్నా?" అని అడిగాడు. ఎదురింట్లో కొత్తగా కిరాయికి దిగిన టీచరు కూడా బయటికి వచ్చి, అసలు ఇవెందుకు పెట్టారండీ అన్నాడు. నేను నోరు తెరిచే లోపలే మూలింటి బావ అందుకున్నాడు. వరసకు బావ కాదు. గల్లీలో అందరికీ బావే, నన్ను బామ్మర్దీ అని పిలుస్తాడు.

"అదో పెద్ద కథ సార్. మీరున్న ఇంట్లనే ఎనకట ఒక పరుపుల చాచా ఉంటుండె. మా బామ్మర్ది కొత్త కారు తెస్తే, ఆ ముసలాయిన తోపుడు బండితోని గుద్ది సొట్ట పెట్టిండు. పెట్టి, నేను పెట్టలేదని ఒకటే బుకాయింపు. గప్పటి సంది మా బామ్మర్ది గీ డబ్బాలు పెట్టి గొలుసు కట్టిండు."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. డబ్బాలు ముందు వచ్చాయి, సొట్ట తరువాత వచ్చింది. ఆ వరస కూడా బావ కథలో తప్పిపోయింది. ఇంటి లోపలికి వచ్చి కూర్చున్నాక, నేను ఎందుకు నవ్వానో నాకే అర్థం కాలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మా గల్లీ కార్ల కోసం పుట్టింది కాదు. పాత రోజుల్లో ఎడ్లబండి పోతే చాలు అనుకుని వదిలిన దారి. అలాంటి గల్లీలోకి మొదటి కారు తెచ్చిన ఘనత నాది. తెల్ల కారు. గుడిలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ముందర గుమ్మడికాయ కొట్టించి ఇంటికి తెస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో అప్పుడు ఆలోచించాను. మా గోడ వారగా తప్ప వేరే జాగ లేదు. ఆ రోజు నుంచి నాకు మనుషులు మనుషుల్లా కనిపించడం మానేశారు. ఒకడు సైకిల్ హ్యాండిల్, ఒకడు స్కూటర్ స్టాండు, ఒకామె నీళ్ల బిందె, పిల్లలంతా కలిసి ఒక క్రికెట్ బంతి. ఎవరు దగ్గరగా నడిచినా నాకు గీత పడుతున్న చప్పుడే వినిపించేది. గోడకు పాత సైకిల్ టైర్లు వేలాడదీశాను. అద్దాలకు సాక్సులు తొడిగాను. అన్నం తింటూ మధ్యలో లేచి కిటికీలోంచి చూసి వచ్చేవాణ్ణి. "పెండ్లయిన కొత్తల నన్ను గూడ ఇట్ల సూసుకోలె" అని మా ఆవిడ కంచంలో పెరుగు వేస్తూ అనేది. నాకు నవ్వు కూడా వచ్చేది కాదు.

ఎదురింటి చాచాది పరుపుల పని. ముందు గదిలో దూది ఏకే మిషను ఉండేది. పగలంతా అది గుర్రుమంటుంటే ఆ గది తలుపులోంచి దూదిపోగులు తేలుకుంటూ వచ్చి మా తులసి మొక్క మీద వాలేవి. చాచా కనుబొమ్మల మీద, గడ్డంలో, చెవుల మీద ఎప్పుడూ తెల్లగా దూది ఉండేది. ఈద్ నాడు తలంటుకుని కొత్త బట్టలు వేసుకుని వస్తే ఆయన్ని గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టేది. పాత పరుపులు గట్టిపడితే, ఇండ్ల నుంచి బండి మీద తెచ్చి, విప్పి, దూది ఏకి, కొత్త గుడ్డ కుట్టి మళ్లీ బండి మీద ఇచ్చి వచ్చేవాడు. పెండ్లిండ్ల సీజనులో బెజ్జంకి నుంచి కూడా పరుపులకు, తలకింది మెత్తలకు మనుషులు వచ్చేవారు. ఆ తోపుడు బండి రోజూ మా కారుకూ ఆయన గోడకూ నడుమ ఉన్న సందులోంచి పోవాలి, రావాలి.

నా అవస్థ చూసి చాచాకే జాలి కలిగినట్టుంది. ఒకరోజు సాయంత్రం చారల గుడ్డతో కుట్టిన పొడుగాటి పరుపులు రెండు చంకలో పెట్టుకుని వచ్చాడు. జానెడు వెడల్పు, కారంత పొడుగు, కట్టుకోవడానికి నాడాలు. కారుకు రెండు పక్కలా తలుపుల మీద వేలాడేటట్టు తనే కట్టి, వెనక్కి జరిగి తల పక్కకు వంచి చూసుకున్నాడు.

"ఇగ ఎవడన్న తాకనియ్యి బేటా. పండుకున్నట్టే ఉంటది నీ బండికి" అన్నాడు.

నాకు నిజంగానే సంబరమైంది. కొన్నాళ్లు కారు ఆపగానే అవి కట్టేవాణ్ణి. తరువాత మా ఆవిడ తమ్ముడు వచ్చి చూసి, కారుకు లంగా కట్టినవేంది బావా అని పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుతో చాచా పరుపులు అటకెక్కాయి. వాటికి బదులు ఈ ఇనుప పైపుల డబ్బాలు వచ్చాయి. గోడకూ డబ్బాలకూ నడుమ కారు సన్నగా దూరేది. దూర్చాక తలుపు కొంచెమే తెరిచి, కడుపు లోపలికి పీల్చుకుని నేను దిగాలి. అందుకే ఇంట్లోవాళ్లను గల్లీ మొదట్లోనే దింపేసేవాణ్ణి. చాచా సందు ఇంకా ఇరుకైంది. కారు మీది పరుపులు ఎటుపోయాయని ఆయన అడగలేదు. కానీ తన తోపుడు బండి నాలుగు మూలలకూ బత్తాయి పండంత లావున దూది ఉండలు పెట్టి, మీద గుడ్డ చుట్టి కుట్టేశాడు. నా కారుకు తాను పరుపు కట్టలేకపోయినా, తన బండికి కట్టుకోవచ్చు కదా. గల్లీలో ఆ బండిని అందరూ చూశారు. "ఏంది చాచా, బండికి నాలుగు దిక్కుల బత్తాయిలు కాసినయి?" అని మూలింటి బావే ఒకసారి ఎగతాళి చేశాడు కూడా.

ఆ ఎండాకాలం గజ్వేల్‌లో బంధువుల పెండ్లికి వెళ్లి వచ్చాం. మధ్యాహ్నం ఎండ మండుతోంది. మా ఆవిడనూ పిల్లలనూ గల్లీ మొదట్లో దింపి కారు లోపలికి తెచ్చాను. అప్పుడే ఫోను మోగింది. పెండ్లిలో భోజనాల దగ్గర ఎవరికో మర్యాద తక్కువైందట, దాని పంచాయితీ. ఫోను చెవికి, భుజానికి నడుమ ఇరికించి, మాట్లాడుతూ, తలుపు తోసి దిగాను. ఏదో చప్పుడైంది. ఎవరింటి గేటో అనుకున్నాను. లోపలికి వెళ్లి పడుకున్నాను.

మర్నాడు పొద్దున కారు తుడుస్తుంటే డ్రైవరు తలుపు మీద సొట్ట కనిపించింది. బొటనవేలు పెడితే సరిపోయేంత లోతు. ఒళ్లంతా మండిపోయింది. తల ఎత్తితే ఎదురుగా చాచా బండి మీద పరుపులు సర్దుతున్నాడు. నేను ఇంకెటూ చూడలేదు.

"చాచా, ఇటు రా. ఏంది గిది?"

ఆయన వచ్చి వంగి చూశాడు. వేలితో తడిమాడు. "అరెరె. ఎట్లయింది బేటా?" అన్నాడు.

"ఎట్లయిందని నన్నడుగుతున్నవా? గీ సందుల నీ బండి తప్ప ఏం పోతది? డబ్బాల నడుమ నుంచి దాని మూల దూరదా?"

అప్పటికి ఇండ్లలోంచి మనుషులు వచ్చి నిలబడ్డారు. చాచా నవ్వబోయాడు, నేను నిజంగానే అంటున్నానని అప్పటికి ఆయనకు తట్టలేదు. బండి మూల మీద చెయ్యి వేసి, "నా బండికి దూది కట్టి ఉన్నది బేటా. దూది తగిల్తె సొట్ట వడ్తదా? పట్టుకొని సూడు" అన్నాడు.

అది పట్టుకుని చూస్తే సరిపోయేది. దూది తగిలితే ఇనుము లోపలికి పోదని తెలియనివాళ్లు ఆ గల్లీలో ఒక్కరూ లేరు. నేను పట్టుకోలేదు. "దూది ఎప్పటిదో ఎవనికెరుక? సొట్ట పెట్టినంక రాత్రి కూసొని కొత్తగ కుట్టినవేమో" అన్నాను.

బత్తాయిలని నవ్విన బావ అక్కడే ఉన్నాడు. ఆ ఉండలు అప్పటికే పాతబడి నల్లగా మాసిపోయి ఉన్నాయి. అయినా ఎవరూ మాట్లాడలేదు. నా చేతిలో కారు ఉంది, ఆయన చేతిలో తోపుడు బండి ఉంది, అంతే. బావ పైగా, "పోనీ చాచా, పొరపాటైందని ఒక్క మాటనరాదూ, ఒడిసిపోతది" అన్నాడు. చాచా బండి మూల మీది నుంచి చెయ్యి తీశాడు. "చెయ్యంది ఎట్లంటా?" అన్నాడు. అంతే. తరువాత నాతో మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి ఆ బండి గల్లీలోకి రాలేదు. చౌరస్తా దగ్గర, ఒక మూతపడిన దుకాణం ముందు దాన్ని నిలబెట్టి, అక్కడి నుంచి పరుపులు ఒక్కొక్కటిగా తల మీద మోసుకుని వచ్చేవాడు. రెండు మడతలు వేసిన పరుపు కింద ఆయన ముఖం కనిపించేది కాదు, కాళ్లు మాత్రమే కనిపించేవి. మా కారు పక్కకు రాగానే ఆ కాళ్లు అడ్డంగా, గోడను రాసుకుంటూ నడిచేవి.

కొన్నాళ్లకు గొలుసు తగిలిస్తూ కొక్కెం వైపు చూశాను. దాని కొసన తెల్ల రంగు ఉంది. కారు తలుపు మెల్లగా తెరిచి చూశాను. సొట్ట వచ్చి కొక్కేనికి బొట్టు పెట్టినట్టు ఆనింది. గజ్వేల్ పెండ్లి, ఫోను, గేటు చప్పుడు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎదురింట్లో మిషను గుర్రుమంటోంది. నాలుగు అడుగులు వేస్తే చాచా గుమ్మం. నేను లోపలికి వెళ్లి ఉప్పుకాగితం తెచ్చి కొక్కెం మీది తెల్ల రంగు గీకేశాను. మిగిలిన నల్ల రంగు ఉంటే దాని మీద పూశాను. ఇప్పుడు రంగెందుకు అని మా ఆవిడ అడిగితే, తుప్పు పడుతోంది అన్నాను. డెంటింగు మేస్త్రీ సొట్టను ఒక పూటలో లేపేశాడు. ఎక్కడ పడిందో నాకే కనిపించకుండా చేశాడు.

వానాకాలంలో చాచా పరుపు మోసుకొస్తూ మోరీ అంచు మీద కాలు జారి పడ్డాడు. తుంటి విరిగింది. దవాఖాన నుంచి తెచ్చాక మళ్లీ లేవలేదు. తన జీవితమంతా ఊరికి పరుపులు కుట్టిన మనిషి నెలల తరబడి మంచం మీదే ఉండి కన్ను మూశాడు. ఆయన బతికుండగా చూడటానికి ఒకసారి వెళ్లాను. చేతిలో పండ్ల సంచి, నోట్లో ఆ మాట, రెండూ పట్టుకునే వెళ్లాను. పండ్ల సంచి మాత్రం అక్కడ పెట్టి వచ్చాను. ఆయన గోడ వైపు తిరిగి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకోవడం నాకు సులువుగా ఉండింది. ఆ పడటం నా వల్లే అని నేను ఒట్టు పెట్టి చెప్పలేను. కాదని అసలే చెప్పలేను.

మోరీ తవ్వే మిషను వచ్చిన మర్నాడు కొండపాక వెళ్లాను. చాచా భార్య, మా చాచీ, అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. బాగా వంగిపోయింది. నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించింది. కొక్కెం సంగతి, తెల్ల రంగు సంగతి, ఉప్పుకాగితం సంగతి అన్నీ వరసగా చెప్పాను. అంతా అయ్యాక ఆమె తల మీది ఓఢ్నీ సర్దుకుని అంది:

"నాకెందుకు చెప్తున్నవ్ బేటా? నా మనిషి సంగతి నాకు ఎరుక లేదా? ఆ దూది కుట్టింది నేను. గల్లీల అన్నవ్ గదా, గల్లీల చెప్పు. పో."

చాయ్ తాగమనలేదు. మా వైపు అది చాలా పెద్ద మాట.

తిరిగొచ్చి మూలింటి బావకు చెప్పాను. అతను అరుగు మీద కూర్చుని పల్లీలు వొలుస్తున్నాడు. విని, పొట్టు ఊదేసి, "గిప్పుడెందుకు బామ్మర్ది గవన్ని? ముసలాయిన పాయె. కారు అమ్మితివి. ఎవలడిగిన్రు నిన్ను?" అన్నాడు. ఆ రోజు వాకిళ్లలో నిలబడి విన్నవాళ్లను లెక్కవేసుకున్నాను. కొందరు చనిపోయారు, కొందరు ఇండ్లు అమ్ముకుని వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకు చెప్తే, అవునా అని తల ఊపారు. ఒకామె, పాపం చాచా మంచోడే, ఆ ఒక్క పని తప్ప అంది. అప్పుడే చెప్పాను కదా ఆ పని ఆయన చెయ్యలేదని. అయినా ఆమె నోటికి అలవాటైన మాట అది.

నిన్న సాయంత్రం టీచరు తన కారును మా గోడ వారగా, నా కారు ఉండిన ఆ పాత జాగలోనే పెడుతున్నాడు. బావ అరుగు మీది నుంచి, "జాగర్త సార్, గీడ ఎనకట ఒక పరుపుల చాచా..." అని మళ్లీ మొదలుపెట్టాడు. నేను గేటు తీసుకుని గబగబా బయటికి వచ్చి, గల్లీకంతా వినపడేటట్టు, "చాచా కాదు. ఆ సొట్ట పెట్టింది నేను" అన్నాను. బావ తల దించుకుని పల్లీల చేట వైపు చూశాడు. టీచరు తాళం చెవి చేతిలో పట్టుకుని, తన కారు తలుపు ఒకసారి తడిమి చూసుకుని, మర్యాదగా, "ఏ సొట్ట సార్?" అని అడిగాడు.

చూపించడానికి కారు లేదు. పీకేసిన డబ్బాలను మున్సిపాలిటీ ట్రాక్టరు తీసుకుపోయింది. అటక మీద వెతికితే చారల పరుపు ఒకటే దొరికింది, ఎలుకలు కొట్టి దూది బయటపడి ఉంది. కాలం అబద్ధాన్ని ఉన్నచోటే ఉంచి, నిజం వినాల్సిన మనిషిని మాత్రం తనతో తీసుకుపోయింది.