నాన్న ఖాళీ బరువు

నాన్న ఈ హిందీ ఊళ్లోని స్టీలు ప్లాంటులో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసి రిటైరయ్యారు. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, సరుకుతో బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి తూచాలి. ఖాళీ లారీ బరువును టేర్ అంటారు. అందుకే డయాలిసిస్ మొదలైన వారంలో, ఒంట్లో చేరిన నీరంతా తీసేశాక మిగలవలసిన బరువును డ్రై వెయిట్ అంటారని టెక్నీషియన్ చెప్పగానే ఆయనకు అర్థమైపోయింది.

"టేరన్నమాట. రాసీ అమ్మా. నీరు పట్టక ముందు నా బరువు యాభై ఎనిమిది."

డాక్టరు కూడా పరీక్షించి అదే ఖాయం చేశారు. ఫైలు అట్ట మీద నాన్నే మార్కర్‌తో పెద్దగా రాసుకున్నారు. వారానికి మూడుసార్లు అరవై కిలోలతోనో, ఇంకాస్త ఎక్కువతోనో వెళ్లేవారు. మెషీను నాలుగు గంటల్లో యాభై ఎనిమిదికి దించి పంపేది.

ఇంట్లో ఆయన తాగే నీళ్ల లెక్క నాది. పాప వదిలేసిన పాలసీసా మీద గీతలుంటాయి కాబట్టి దానితోనే కొలిచి గ్లాసులో పోసేదాన్ని.

"నీ కూతురు దయ వల్ల గొంతు తడుపుకుంటున్నాం," అనేవారు నాన్న.

"తాతా, వో మేరా హై!" అని, అది తనదంటూ పాప సీసా లాక్కునేది.

చలికాలంలో ఒక జ్వరం వచ్చి తగ్గాక ఆయన తిండి సగానికి పడిపోయింది. చొక్కా భుజాలు కిందికి జారాయి. నేను చూశాను. కానీ డయాలిసిస్ అయ్యాక కాటా యాభై ఎనిమిదే చూపిస్తోంది కాబట్టి ఒళ్లేమీ తగ్గలేదని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం సాక్సు విప్పితే చీలమండ పైన లోతుగా గీత ఉండేది. ఎలాస్టిక్ గట్టిదనుకుని వేరే జత కొన్నాను. తర్వాత ఆయన తల కింద ఒక దిండు చాల్లేదు. పాప దిండ్లు రెండూ తీసుకున్నారు. చివరికి గోడకి చేరబడి కూర్చునే నిద్రపోయేవారు.

"ఏటవుతోంది నాన్నా?"

"గ్యాసమ్మా. నాకేటవుద్ది?"

దిండ్ల సంగతి నేను డయాలిసిస్ సెంటర్లో చెప్పాను. టెక్నీషియన్ మా తెలుగమ్మాయే, ఇక్కడే పుట్టింది. నాన్న కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడి, అలాగే ఉండిపోయింది. ఆమె లోపలికి వెళ్లి ఒంట్లో నీరెంతుందో కొలిచే, టిఫిన్ డబ్బా అంత మెషీను తెచ్చింది.

"అంకుల్, సీధా పడుకోండి. ఫోన్ జేబులోంచి తీసేయండి."

సూదులు గుచ్చే ఎడమచేతిని వదిలేసి, కుడిచేతికి రెండు, కుడికాలికి రెండు స్టిక్కర్లు అంటించి వైర్లు తగిలించింది.

"ఇదేటి, కరెంటెట్టేస్తావేటి నాకు?"

"థోడా సా. మీకు పతా కూడా చలదు, తెలీనే తెలీదు. హిలకండి, కదలొద్దు, బస్."

వెల్లకిలా పడుకున్న ఆ రెండు నిమిషాలకే ఆయనకు దగ్గు వచ్చింది. నేను మెషీను తెరను చూడలేదు, ఆయన ఛాతీనే చూశాను.

ఆ ఉదయం ఆయన బరువు అరవైన్నర. ఫైలు ప్రకారం తీయవలసింది రెండున్నర లీటర్లు. ఈ చిన్న మెషీను మాత్రం ఐదున్నర లీటర్ల నీరు ఎక్కువగా ఉందని చూపించింది. మూడు కిలోల కండ కరిగిపోయింది. దాని చోటికి నీరు వచ్చి చేరింది. మొత్తం బరువు మారలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ నీరే ఊపిరితిత్తుల దాకా వచ్చి, పడుకుంటే ఊపిరాడనివ్వలేదు.

నేను తప్పు నాదని అనబోయాను. నాన్న మాట్లాడనివ్వలేదు.

"లారీకి బాడీ మార్చినా, టైర్లు మార్చినా టేర్ మళ్లీ తియ్యాల. పాత టేర్ మీద బండి వదిల్తే తప్పు కాటా మీద కూకున్నోడిదే. అన్నేళ్లు నేనే కూకున్నాను కదేటి?"

"అంకుల్, మీరు ట్రక్ కాదు," అంది ఆ అమ్మాయి వైర్లు విప్పుతూ.

"ట్రక్కయితే దూసుకుపోదును."

ఒకేసారి లాగేస్తే బీపీ పడిపోతుందని, కొంచెం కొంచెంగా దించుదామని డాక్టరు చెప్పారు. నాన్న అట్ట మీది అంకెను కొట్టేసి, పక్కన పెన్సిలుతో కొత్తది రాశారు. తర్వాత దాన్ని రెండుసార్లు చెరిపి, ఇంకా తగ్గించి రాశారు.

ఇప్పుడు రోజూ ఉదయం ఆయన కాలిని నొక్కి, గుంట పూడేదాకా లెక్కపెడతాను. భోజనంలో గుడ్డు తినేదాకా ఎదురుగా కూర్చుంటాను. ఈ వారం ఒక దిండు పాప మంచం మీదికి తిరిగి వచ్చింది. రెండోది ఇంకా నాన్న దగ్గరే ఉంది.