నీడలో ఉంచిన బిళ్ళ

మా అక్క మొగుడికి పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, మిల్లులో అందరికీ ఆయన బిళ్ళల బావే. నేను బావా అని పిలవడం విని మిగతావాళ్ళూ వరస కలిపేసుకున్నారు. బట్టను తెల్లబరిచే మిల్లు అది. రసాయనాలు నిలవచేసే ప్లాస్టిక్ ట్యాంకులన్నీ ఆయన సరేనంటేనే లోపలికి వచ్చేవి, చాలంటేనే బయటికి పోయేవి.

కొత్త ట్యాంకు వస్తే ఆయన నిగనిగ చూసేవాడు కాదు. నన్ను దీపం పట్టుకుని బయట చుట్టూ తిరగమని, తను లోపలికి దిగేవాడు. తెల్ల ట్యాంకు గోడ ఎక్కడ పల్చగా ఉంటే అక్కడ వెలుగు ఎక్కువ వస్తుంది. అక్కడ సుద్దతో గీత గీసేవాడు. మూలల్లో ప్లాస్టిక్ సరిగా కరగకపోతే గాలి బొబ్బలు ఉండిపోతాయి. వాటిని బొటనవేలితో తడిమి పట్టుకునేవాడు. అమ్మేవాడు ఎన్ని లీటర్లు పడుతుందో చెప్పబోతే, అది కాదు, లీటరు ఎంత బరువున్న సరుకు మోస్తుందో చెప్పమనేవాడు. నీళ్ళ కోసం చేసిన ట్యాంకులో గాఢమైన యాసిడ్ నింపితే దాదాపు రెండింతల బరువు. కొన్నాళ్ళకే పొట్ట ఉబ్బుతుంది. పైన పటారం, లోన లొటారం అని ఆయన తిప్పి పంపిన ట్యాంకులు నాకు తెలిసే అరడజను.

ఆయనకి పేరు తెచ్చింది బిళ్ళ. పైపు బిగించడానికి ట్యాంకు గోడకు రంధ్రం కోస్తే అరచేయంత బిళ్ళ ఊడి వస్తుంది. అందరూ దాన్ని చెత్తలో పారేస్తారు. ఈయన దాన్ని సీసాలో వేసి, ఆ ట్యాంకులో ఉండే ద్రావణమే పోసి, గాలి పోవడానికి మూతకు సూదితో బెజ్జం చేసి, తేదీ రాసి తన బీరువాలో పెట్టేవాడు. నెలకోసారి ద్రావణం మార్చేవాడు. ఏడాదికోసారి ఆ బిళ్ళలోంచి సన్నటి ముక్క కోసి, వైసులో, అంటే బల్లకి బిగించిన ఇనుప పట్టులో, పెట్టి వంచేవాడు. వంగితే ట్యాంకు ఇంకో ఏడాది ఉండొచ్చని సంతకం. చిట్లితే ట్యాంకు పక్కకి. ఈ పద్ధతి ఆయనకి ఎవరూ నేర్పలేదు.

పంపులు నడిపేవాడు ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. బీరువా తలుపు తీసినప్పుడల్లా ఒక చురక వేసేవాడు.

"ఎండ తగలకుండా పెంచుతున్నావు కదరా నీ బిళ్ళల్ని. కోడళ్ళనైనా ఇంత సుకుమారంగా చూడరు."

పడమటి గోడ బయట హైపో ట్యాంకు ఉండేది. బట్టను తెలుపుచేసే ఘాటైన ద్రావణం అది. ఏడో ఏడు పంపు మనిషి ఆ ట్యాంకును గుడ్డతో తుడిచి, గుడ్డకు సున్నంలాంటి పొడి అంటుతోందని చూపించాడు. బావ ఆ రోజే ముక్క వంచి చూశాడు. అది నవారులా వంగింది. బిళ్ళ అబద్ధం చెప్పదని చెప్పి సంతకం పెట్టాడు.

రెండు నెలలకు, మధ్యాహ్నం షిఫ్టులో, పంపు మనిషి వాల్వు తిప్పుతుండగా ఆ ట్యాంకు పైపు మొదలు నుంచి పైదాకా చీలిపోయింది. హైపో అతని ముఖాన పడింది. కుడి కన్ను దక్కింది. ఎడమ కన్ను పోయింది.

మూడో రోజుకి మేనేజరు కాగితం తయారుచేశాడు. ట్యాంకు మీద ఇంతవరకే నింపాలని ఉన్న గీత దాటి నింపడం వల్ల అది పగిలిందని అందులో ఉంది. దాని మీద సంతకం పడితే పంపు మనిషి ఉద్యోగం పోతుంది. కాదనడానికి అతను ఆసుపత్రిలో ముఖం నిండా కట్టుతో ఉన్నాడు. కాగితం సంగతి నేనే బావకి చెప్పాను. ఆయన పగిలిన ట్యాంకు దగ్గరికి వెళ్ళి, ఎండ పడే వైపు నుంచి ఒక ముక్క కోసుకొచ్చాడు. దాన్నీ బీరువాలోని బిళ్ళ ముక్కనూ పక్కపక్కన పెట్టి గోటితో గీకి చూశాడు. తర్వాత, మేనేజరు గారిని వైసు దగ్గరికి రమ్మని చెప్పు బామ్మర్దీ అన్నాడు.

మేనేజరు చూస్తుండగా బావ సీసాలోని ముక్కను బిగించి వంచాడు. వంగింది. ట్యాంకు గోడ ముక్కను బిగించి వంచాడు. టక్కున విరిగి నా కాళ్ళ దగ్గర పడింది.

"రెండూ ఒకే ట్యాంకువి సార్. ట్యాంకు ఏడేళ్ళు ఎండలో నిలబడి పెళుసెక్కింది, వాడు గుడ్డతో చూపించిన పొడి అదే. దాని బిళ్ళని నేను నీడలో దాచాను. నీడలో ఉన్నదాన్ని చూసి ఎండలో ఉన్నదానికి సంతకం పెట్టాను. వాడు గీత దాటలేదు. ట్యాంకు లోపల హైపో మరక చూడండి, గీతకి జానెడు కిందే ఉంది. తప్పు నాది."

మేనేజరు విరిగిన ముక్కను తీసి అటూ ఇటూ తిప్పాడు. "ఇలా రాస్తే నీ సంతకం ఇక చెల్లదు. తెలుసా?"

"తెలుసు సార్. రాయండి."

ఇరవై రెండేళ్ళ పేరు అక్కడే పోయింది. బీరువా తాళంచెవి ఆయనే బల్ల మీద పెట్టాడు.

ఆసుపత్రిలో స్నేహితుడి మంచం పక్కన నిలబడి అంతా చెప్పాడు. కట్టు లోపలి నుంచి అతను మెల్లగా అన్నాడు: "ఎండ తగలదని నేను ఎగతాళికి అన్నానురా. అది నిజమని నాకూ తట్టలేదు." బావ మనసు తేలిక చేయడానికే ఆ మాటన్నాడు. బావ తేలికపడలేదు.

పంపు మనిషి ఐదు నెలలకి పనిలోకి వచ్చాడు. అప్పటికి కొత్త హైపో ట్యాంకుకు బావ రేకుల నీడ కట్టించాడు. సీసా ఇప్పుడు బీరువాలో లేదు. ట్యాంకు పడమటి వైపునే, ట్యాంకు గోడకి ఆనించి వేలాడుతోంది. ట్యాంకుకి ఏ ఎండ తగిలితే దానికీ అదే ఎండ. ఇకమీదట ఆ ట్యాంకుకి సంతకం పంపు మనిషిది చేయమని బావే మేనేజరుని అడిగాడట.

ఏడాది తిరిగాక మొదటిసారి ముక్క కోసింది బావ. వంచింది పంపు మనిషి. ఒంటి కన్ను ముక్కకి దగ్గరగా పెట్టి చూస్తున్నంతసేపూ బావ నేల చూస్తూ నిలబడ్డాడు.

"వంగిందిరా."

"రెండో వైపుకి కూడా వంచు," అన్నాడు బావ.