రెండు జగ్గుల టర్కీ వెన్నెల

ఒక గ్లాసు శర్బత్తును ఏడేళ్ళుగా మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. గ్లాసెడు శర్బత్ ఎంత బరువుంటుంది? తాగేస్తే అయిపోతుంది. కడిగి బోర్లిస్తే మరకైనా మిగలదు. నాది మాత్రం అయిపోలేదు. పొద్దున లేచి వంటింట్లోకి వెళ్తే మా ఆడబిడ్డ సునంద పొయ్యి దగ్గర నిలబడి నాకు కూడా కలిపి టీ పెడుతూ ఉంటుంది. ఆమె చేతిలోంచి కప్పు అందుకున్న ప్రతిసారీ ఆ గ్లాసు గుర్తొస్తుంది. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు. ఈ మాత్రం చాటు లేకపోతే నోరు విప్పే మనిషిని కాను.

మాది వికారాబాద్. మా ఆయనకు తాండూరులో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ ఉంది. పొద్దున రైలెక్కి పోతాడు, సాయంత్రం రాతిపొడి నిండిన తలతో వస్తాడు. తరాలుగా వ్యాపారం చేసుకునే కుటుంబాలు మావి. మా ఇళ్ళలో మందు అనే మాట ఉండదు. మందు ఉండదని కాదు, మాట ఉండదు. మగవాళ్ళు దాన్ని 'ప్రోగ్రాం' అంటారు. కూల్‌డ్రింక్ సీసాలో కలుపుకొని, పెద్దవాళ్ళ ఎదురుగానే కూర్చుని, యాలకులు నములుతూ తాగుతారు. పెద్దవాళ్ళకు తెలుసు. తెలిసినట్టు కనబడరు. ఎవరైనా పొరపాటున "ఇందులో ఏముంది?" అని అడిగారా, అడిగినవాళ్ళదే తప్పు. పదిమందిలో ఇంటి పరువు తీసినట్టు. ఈ ఒక్క మర్యాదను మావాళ్ళు ప్రాణం పెట్టి కాపాడుకుంటారు. మిగతా మర్యాదలేవీ వాళ్ళకు పట్టవు.

ఆ ఏడాది మా ఆయన రాళ్ళ మిషన్ల ఎగ్జిబిషన్ అని టర్కీ వెళ్ళొచ్చాడు. వెళ్ళింది వారం రోజులు, చెప్పింది ఆరు నెలలు. సముద్రం మీద పడవ ఎక్కిన కథ ఎంతమందికి చెప్పాడో, చెప్పిన ప్రతిసారీ పడవ ఎంత పెరిగిందో నాకే తెలుసు. దిష్టికని నీలం రంగు గాజు కళ్ళు తెచ్చి స్నేహితుల కార్లలో కట్టాడు. వాళ్ళు ఇతన్ని టర్కీ సేఠ్ అని పిలవడం మొదలుపెట్టారు. పిలిస్తే పొంగిపోయేవాడు. వాటితో పాటు రెండు సీసాల రాకీ తెచ్చాడు. సోంపుతో కాచే అక్కడి మందు. చూడ్డానికి నీళ్ళలా ఉంటుంది, నీళ్ళు పోస్తే పాలలా తెల్లబడుతుంది. దసరాకు ఇంటికి పిలిచిన వాళ్ళందరికీ ఇది పోసి తన గొప్ప చూపించుకోవాలని ఆయన ముచ్చట. ఎలా పోయాలో తెలియదు. ఆ పని నా నెత్తిన పడింది.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ పని నాకు నచ్చింది. ఆ ఇంట్లో నేను పులిహోర కలిపితే పులిహోర అన్నారు తప్ప నేను కలిపానని ఎవరూ అనలేదు. ఇది మాత్రం నాది. ఒట్టి రాకీ దగ్గు మందులా ఉంది. గులాబీ శర్బత్ కలిపితే పిల్లల టానిక్కులా తయారైంది. దానిమ్మ రసం పోస్తే రంగు చూడలేకపోయాను. చివరికి కర్బూజా గింజలు, సోంపు నానబెట్టి, మెత్తగా రుబ్బి, వడగట్టి, చక్కెర పాకం, నిమ్మతొక్క తురుము, రెండు చుక్కల గులాబీ నీళ్ళు కలిపి, దానిలో రాకీ పోసి మంచు ముక్కలు వేశాను. తెల్లగా, నురగ కట్టి, చల్లగా వచ్చింది. మందు వాసన ఎక్కడా లేదు, అంతా సోంపే. దానికి టర్కీ వెన్నెల అని పేరు పెట్టాను. సిగ్గులేని పేరు. అప్పుడు మురిసిపోయాను.

ఇంకో జగ్గులో అచ్చం అదే చేశాను. రాకీకి బదులు పాలు. అది మా అత్తమ్మకు, పెద్దవాళ్ళకు, పిల్లలకు. రెండు జగ్గులూ పక్కపక్కన పెడితే చేసిన నేనే వాసన చూసి పోల్చుకోవాలి. అదే నా తెలివి. పెద్దవాళ్ళ చేతిలోనూ తెల్ల గ్లాసే, మగవాళ్ళ చేతిలోనూ తెల్ల గ్లాసే. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగనక్కర లేదు. మా ఆయన చూసి, "నువ్వు మస్తు హుషారున్నవ్" అన్నాడు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. దొంగతనానికి పనికొచ్చే తెలివి కాబట్టి మెచ్చుకున్నాడు.

ఇప్పుడు వీరేశం గురించి చెప్పాలి. సునంద భర్త. తాండూరులో కమీషన్ మీద కందులు అమ్మిపెట్టే ఆడ్తి దుకాణం నడిపేవాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మా ఇంట్లో మగవాళ్ళలా చాటుగా కాదు, బాహాటంగా తాగేవాడు. బజారులో పడిపోయేవాడు. ఓసారి కుల్కచర్ల దారిలో బండి మీంచి పడి పళ్ళు రాలగొట్టుకున్నాడు. సునంద పాపను ఎత్తుకొని మా ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత అతను మానేశాడు. రెండేళ్ళు. ప్రతి ఆదివారం రైలెక్కి వచ్చి, ముందు గదిలో కూర్చుని, పాపతో ఆడుకొని, పెట్టింది తిని వెళ్ళిపోయేవాడు. దసరా కాగానే సునందను పంపిస్తామని పెద్దవాళ్ళు మాట ఇచ్చారు. ఒక్కటే షరతు. మళ్ళీ చుక్క ముట్టినా ఈ గడప తొక్కకూడదు. తాండూరులో ఇంటికి సున్నం వేయించానని చెప్పాడు. సునంద బట్టలు సర్దుకుంది. పాప తన బొమ్మల డబ్బాకు తాడు కట్టుకుంది.

దసరా మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడ మీద అందరూ చేరారు. తాండూరు రాళ్ళ వాళ్ళు, పప్పు మిల్లుల వాళ్ళు, వాళ్ళ భార్యలు. మిరపకాయ బజ్జీలతో టర్కీ వెన్నెల తాగారు. మా ఆయన మళ్ళీ టర్కీ పడవ కథ ఎత్తుకున్నాడు. ఒకాయన నాలుక చప్పరించి ఇది తాను ముంబైలో తాగానన్నాడు. అబద్ధం. ఈ జన్మలో తాగి ఉండడు. నగలు ఎవరివి ఎన్ని తులాలో చూసుకుంటూ ఆడవాళ్ళు తాగారు. వాళ్ళకూ తెలుసు, వాళ్ళూ అడగలేదు. మా అత్తమ్మ మధ్యలో కూర్చుని పాల గ్లాసు పట్టుకొని, "మా అల్లుడు బంగారమైండు. రెండేండ్లాయె, చుక్క ముట్టలే" అంటోంది. చేతుల్లో రాకీ పట్టుకున్న మొగుళ్ళందరూ అవునవునని తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద? అందరి మీద. నేను మూడు రోజులు రుబ్బి చేసింది గటగటా మింగుతూ, ఆ గుటకల మధ్యలో వీరేశం నిష్ఠకు మంగళహారతులు.

అతను మూలన కూర్చున్నాడు. నేను ట్రే పట్టుకుపోతే గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి చూస్తే నాకు చిరాకేసింది. నిష్ఠ వీడొక్కడికే ఉందా అనిపించింది. చూశారా, చాటుమాటు తాగుబోతులందర్నీ వదిలేసి, ఆ మేడ మీద నిజంగా మానేసిన ఒక్కడి మీద పడింది నా కన్ను. కిందికి వెళ్ళి ఒక గ్లాసు నింపుకొచ్చాను.

"చెల్లె, గిది అత్తమ్మ తాగే జగ్గులదే గదా?" అని మెల్లగా అడిగాడు. ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అతను అడిగాడు.

"అదేనన్నా. జర రుచి చూడు, నేను చేసిన" అన్నాను.

జగ్గులు మారిపోయాయని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. హడావిడిలో ఒకదానికి బదులు ఒకటి ఎత్తానని. ఎంత బాగా చెప్పుకున్నానంటే ఒక్కోసారి నమ్మేదాన్ని. మారలేదు. వాసన చూసి మరీ పోశాను. ఎందుకు పోశాను? చెడు చెయ్యాలనా? అంత పెద్ద కారణం ఉన్నా బాగుండేది. ఇరవై ఏళ్ళు తాగిన నాలుక కదా, దానికి కూడా తెలియకపోతే నా పనితనం గెలిచినట్టే అనుకున్నాను. అంతే. ఒక మనిషి సంసారం పెట్టి నా శర్బత్తుకు పరీక్ష పెట్టాను. తాగితే తెలియదు, తెలియకపోతే పాపం లేదు అని కూడా అనుకున్నాను. మా ఇంటి మర్యాదను నేనెంత చీదరించుకున్నా, అది నాకు బాగానే ఒంటబట్టింది.

అతను సగం తాగి ఆగాడు. గ్లాసులోకి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. అతనికి తెలిసిపోయిందని నాకు తెలిసింది. వెళ్ళి గ్లాసు లాక్కోవాలి కదా? మా ఆయన ఇంకో జగ్గు కలపమని కేకేశాడు, వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ. ఆ తర్వాత అతనే లేచి మగవాళ్ళ జగ్గు దగ్గరికి వెళ్ళి పోసుకున్నాడు. ఎన్ని పోసుకున్నాడో చూడలేదు. ఏడేళ్ళు నేను పట్టుకు వేలాడిన కొమ్మ ఇదే. మొదటిది నేను పోశాను సరే, రెండోది అతనే పోసుకున్నాడుగా అని. మొదటిది లేకుండా రెండోది ఎక్కడిదని మాత్రం అడుక్కోలేదు.

సాయంత్రం జమ్మి పెట్టుకునే వేళ అయింది. అందరూ కింద హాల్లో చేరి, జమ్మి ఆకు చేతుల్లో పెట్టి, పెద్దల కాళ్ళు మొక్కుతున్నారు. వీరేశం అత్తమ్మ చేతిలో ఆకు పెట్టి కాళ్ళకు వంగాడు. వంగినవాడు లేవలేకపోయాడు. నేల మీద చెయ్యి పెట్టి పక్కకు ఒరిగాడు. మధ్యాహ్నమంతా రాకీ తాగిన మగవాళ్ళందరూ నిటారుగా నిలబడి, ముక్కులు మూసుకున్నంత పని చేశారు. సునంద ముందుకు వచ్చింది. పాప ఆమె కొంగు పట్టుకుని ఉంది.

"మల్ల మొదలువెట్టినవా?" అంది సునంద.

"లే, సునందా. శర్బతే అనుకున్న. చెల్లె ఇచ్చింది." నా వైపు తిరిగాడు. "చెల్లె, జర నువ్వన్న చెప్పు."

అందరూ నన్ను చూశారు. మా ఆయన కళ్ళతోనే వద్దని చెప్పాడు. నేను నిజం చెబితే ఆ మేడ మీద ఎవరి గ్లాసులో ఏముందో అత్తమ్మ ముందు చెప్పాలి. అది సాకు. అసలు సంగతి, నేను పోశానని తెలుస్తుంది.

"నేనిచ్చిన గ్లాసుల ఏం లేదన్నా" అన్నాను. "అత్తమ్మ తాగిన జగ్గులదే పోసిన."

అతను గోడ పట్టుకుని లేచాడు. ముఖంలో కోపం లేదు. తాగుబోతు మాట ఎవరు నమ్ముతారో అతనికి నాకంటే బాగా తెలుసు.

"గట్లనా చెల్లె" అన్నాడు. "అయితే నాదే తప్పు."

ఆ పూటే తాండూరు రైలెక్కి వెళ్ళిపోయాడు. మా ఆయన స్నేహితుల్లో ఒకాయన, "తాగుబోతుల మాట నమ్మొద్దు" అని నీతి చెప్పాడు. అది చెబుతుంటే అతని మీసాల మీద నా వెన్నెల ఇంకా తెల్లగా అంటుకుని ఉంది. సునంద సర్దిన బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. తర్వాత పెద్దవాళ్ళు కూర్చున్నారు, కాగితాలయ్యాయి, విడిపోయారు. వీరేశం ఆ రోజు తర్వాత మళ్ళీ తాగలేదని తాండూరు నుంచి వచ్చినవాళ్ళు చెబుతారు. ఒక్కడే ఉంటాడు. మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నేను నమ్ముతాను.

ఇవన్నీ ఇలాగే నాతోనే పోయేవి. పోయిన వారం పాప పెద్దమనిషైంది. వీరేశం రాలేదు, మేం పిలవలేదు. వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక సునంద గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండానే అంది: "వదినా, ఆ దసరనాడు నువ్వు ఉన్నదున్నట్టు చెప్పకపోతే నేను ఆయన మాట నమ్మి పోతుంటి. నా బతుకు నువ్వే నిలవెట్టినవ్." సబ్బు చేతులతోనే నా చెయ్యి పట్టుకుంది. నేనేం చేశాను? "ఊకో సునందా" అన్నాను. ఓదార్చాను కూడా.

నాకు సునంద మీద కోపమొచ్చింది. ఇంత అమాయకత్వమేమిటని. తర్వాత అత్తమ్మ మీద, మా ఆయన మీద, ఆ మీసాల మనిషి మీద, వరసగా అందరి మీదా వచ్చింది. ఏడేళ్ళుగా ఇదే నా పని. పక్కవాళ్ళను చీదరించుకుంటూ ఉంటే నా వంతు రాదని. వాళ్ళ బతుకులు అబద్ధాలే, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళలో ఎవరూ వీరేశం గ్లాసు నింపలేదు.

సునందకు చెప్పాలి. చెప్తానా? చెప్తే ఆమెకు ఏడేళ్ళు తిరిగొస్తాయా, లేక ఉన్న ఇంటి నీడ కూడా పోతుందా? ఇలా ఆమె మేలు ఆలోచిస్తున్నట్టు రాయడం కూడా నా పాత విద్యే. భయం, అంతే. ధైర్యం వస్తుందని మీకు మాటివ్వను. మీరు నన్ను క్షమించనక్కర లేదు, నేను అడగలేదు కూడా. ఆ గ్లాసులో మందు ఉంది, అతను నన్ను అడిగాడు, నేను లేదన్నాను, రెండుసార్లు అన్నాను. ఈ మాట నేను, వీరేశం తప్ప ఇంకొకరు ఎరగడం ఇదే మొదలు. పక్క గదిలో సునంద నిద్రపోతోంది.