ఖుద్సియా వాకిట్లో వేడిగాలి

ఏ వస్తువు కనబడినా దాని కడుపులో ఏముందో చూస్తేగాని ఖుద్సియాకు నిద్రపట్టేది కాదు. కోహీర్‌లో పుట్టింట ఉన్నప్పుడు తాతగారి గోడగడియారం విప్పి, పళ్లచక్రాలన్నీ దుప్పటి మీద పరిచి తన్నులు తిన్నది. పెళ్లయి జహీరాబాద్‌కు వచ్చాక కుట్టుమిషను మొరాయిస్తే తానే విప్పింది. మళ్లీ బిగించేదాకా ఆ పూట పొయ్యి వెలగలేదు. మొగుడు అన్సార్ బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగి, నెమ్మదస్తుడు. "మీ బేగం మిషన్లకు దవాఖాన పెట్టిందా?" అని తోటివాళ్లు ఎగతాళి చేస్తే వాళ్లతోపాటు తానూ నవ్వేవాడు.

వాళ్ల వెనక వాకిలికి ఒకవైపు హద్దు మదన్‌మోహన్ సేటు ఇంటి గోడే. సేటుకు చెరుకు తోటలూ, అల్లం వ్యాపారమూ ఉన్నాయి. ఆ గోడలో సేటు పడకగది కిటికీ ఒకటుండేది. అది తెరిస్తే ఖుద్సియా వాకిలంతా కనబడుతుంది. వీళ్లది పరదా పాటించే ఇల్లు. అందుకని సేటు తండ్రిగారే దాని రెక్కలకు మేకులు కొట్టించాడు. వీళ్లు అడగనూ లేదు, వాళ్లు చెప్పనూ లేదు.

పంతొమ్మిదివందల అరవై ఆరు వేసవిలో సేటు అల్లం బేరానికి బొంబాయి వెళ్లి, గాలిని చల్లబరిచే మిషను పెట్టిన ఒక వ్యాపారి గదిలో కాసేపు కూర్చుని వచ్చాడు. వచ్చినప్పటి నుంచి అదే ముచ్చట. "బయట నిప్పులు, లోపల మాఘమాసం" అని కనబడిన వాడికల్లా చెప్పాడు. పదిహేను రోజులు తిరక్కముందే బొంబాయి రోడ్డున పోయే లారీ ఒకటి ఆగి, చెక్కపెట్టె ఒకదాన్ని సేటు గుమ్మంలో దించి పోయింది. నలుగురు మనుషులు మోకులు కట్టి మోస్తే గాని అది లోపలికి కదల్లేదు. వీధంతా గుమిగూడింది. ఖుద్సియా తన తలుపు సందులోంచి పెట్టె అంచు మాత్రమే చూడగలిగింది.

మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో గోధుమలు చెరుగుతుంటే మేకులు కొట్టిన కిటికీ వెనక టకటకమని చప్పుడు మొదలైంది. వడ్రంగి నాగప్ప అవతలి నుంచే కేకేసి చెప్పాడు.

"అమ్మా, ఖుద్సియమ్మా! కిటికీ తీస్తున్న. జర లోపటికి పోండ్రి!"

ఆమె లోపలికి వెళ్లి వెదురు పుల్లలతో అల్లిన చిక్కు పరదా వెనక నిలబడింది. రెక్కలు ఊడాయి. ఇనప కడ్డీలు కోసేశారు. కాసేపటికి ఆ ఖాళీలోంచి ఒక ఇనప పెట్టె వీపు మెల్లగా ముందుకు వచ్చింది. దొడ్లోకి వెనక్కి వెనక్కి నడిచొచ్చే బర్రెలాగా కనబడింది ఆమెకు. సన్నని రేకులు, వాటి వెనక వంకరలు తిరిగిన రాగి గొట్టాలు. చుట్టూ చెక్క బిగించి సందులన్నీ మూసేశారు. "ఇంకేం, పరదా పక్కా అయింది" అనుకుంది ఖుద్సియా.

మిట్టమధ్యాహ్నం ఒక్కసారిగా గుర్రుమని చప్పుడు. ఇంట్లో ఆరిపోయినంత పని చేసి బల్బు మళ్లీ వెలిగింది. ఆమె వాకిట్లోకి పరుగెత్తి ఆ పెట్టె ముందు చెయ్యి పెట్టింది. చల్లగా తగులుతుందని ఎదురుచూసిన చేతికి, రొట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నట్టు సెగ కొట్టింది. చెయ్యి మార్చి చూసింది. అదే సెగ. పాపం, ఇంత పెట్టి తెచ్చుకున్నారు, తప్పు చేశారు!

గోడ దగ్గరికి పోయి గొంతెత్తింది. "భాగీరథమ్మా! ఓ భాగీరథమ్మా! మీ మిషన్ ఉల్టా పెట్టిన్రు! చల్లగాలి ఎటు పోయిందో, వేడంత ఇటే వస్తున్నది!"

అటువైపు నవ్వులు. తర్వాత సేటు భార్య భాగీరథి గొంతు. "ఉల్టా లేదు ఖుద్సియా. నువ్వే వచ్చి చూడరాదు?"

పక్క పక్క ఇళ్లలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా, పెళ్లిళ్లకూ పురుళ్లకూ తప్ప ఆమె ఆ గడప తొక్కింది లేదు. బురఖా వేసుకుని పెరటి తలుపు గుండా వెళ్లింది. పడకగది తలుపు తెరవగానే చెంపల మీద చల్లదనం. భాగీరథి అత్తగారు ఇందిరమ్మ శాలువా కప్పుకుని మంచం మీద కూర్చుని, "ఎండకాలంల శాలువా కప్పించిండు నా కొడుకు" అని మురిసిపోతోంది. ఖుద్సియా గాలి వచ్చేచోట అరచెయ్యి పెట్టింది. తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లింది, మళ్లీ లోపలికి వచ్చింది. భాగీరథికి నవ్వాగలేదు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఫిట్టరు అమర్నాథ్ పక్కగదిలో సామాన్లు సర్దుకుంటున్నాడు. ఖుద్సియా తలుపు చాటు నుంచే అడిగింది.

"అన్నా, చలి ఎక్కడినుంచి వస్తది? అండ్ల బరఫ్ పెట్టిన్రా?"

"బరఫ్ లేదమ్మా. అది చలి తయారు చేయదు. గదిలున్న వేడిని ఎత్తి బయట పడేస్తది. వేడి పోతే మిగిలేదే చలి."

ఆమె వేలెత్తి ఆ గది నుంచి గోడవతల తన వాకిలి దాకా గాల్లో గీత గీసింది.

"అంటే భాగీరథమ్మ ఇంట్ల వేడి నా వాకిట్లకు వస్తున్నదన్నట్టు."

అమర్నాథ్ దగ్గి, సామాన్ల సంచి మూతి బిగించాడు. ఆమె కోపంగా అన్న మాట కాదది, లెక్క తేల్చుకున్న మాట. వెంటనే మరో ప్రశ్న.

"మరి వెనకనుంచి నీళ్లు కారుతున్నయి. అవెక్కడివి?"

"గాలిల నీళ్లుంటయి. చల్లగైతే దిగుతయి."

గాలిలో నీళ్లా! ఆ సాయంత్రం అన్సార్ బస్టాండు దగ్గరి షర్బత్ దుకాణం నుంచి రంపపు పొట్టులో చుట్టిన మంచుగడ్డ ముక్క తెచ్చాడు, ఆమె అడిగిందని. ఇత్తడి లోటాలో దాన్ని వేసి మూతపెట్టి, లోటా బయటంతా పైటకొంగుతో తుడిచింది. చూస్తుండగానే చెమట పట్టింది. తుడిచింది, మళ్లీ పట్టింది.

"కుండ కారుతదనుకున్న ఇన్నేండ్లు. ఇత్తడికి రంధ్రాలుంటయా చెప్పు? ఇది గాలిలనుంచే వస్తున్నది!"

"బరఫ్ కరుగుతున్నది, తాగనియ్యి" అన్నాడు అన్సార్.

ఆ సంతోషం రెండు రోజులే నిలిచింది. రోహిణి ఎండలు ముదిరాయి. వాకిట్లో మంచాలు వేసుకుని పడుకునే కుటుంబం, సేటు గది చల్లబడేకొద్దీ వేగిపోయింది. పుదీనా మడి మాడింది. వాళ్ల చంటిపిల్ల వీపంతా చెమటకాయలు. అన్సార్ సర్దుకుందామన్నాడు. "పెద్దోళ్లతోని మనకెందుకు? వానలు పడెదాంక ఓర్సుకుందాం."

"గొడవ ఎందుకు పెట్టుకుంట? వాళ్లకు తెలువదు. తెలిస్తే చెయ్యరు."

ఆమె భాగీరథి దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. మిషను వీధి వైపు కిటికీకి మార్చమని భాగీరథి భర్తను అడిగింది. సేటు ఒప్పుకోలేదు. అటు పడమటి ఎండ కొడుతుంది, అక్కడ మిషను సరిగా పనిచేయదని ఫిట్టరు చెప్పాడట. పైగా ఇప్పుడే కదా కడ్డీలు కోయించింది!

"సేటును ఒక్కసారి మా వాకిట్ల నిలబడమనండి. ఎక్కువ సేపు వద్దు" అంది ఖుద్సియా.

శుక్రవారం నాడు అన్సార్ ఇంట్లో ఉన్నప్పుడు సేటు వచ్చాడు. ఆ వాకిట్లో అడుగుపెట్టడం ఆయనకు అదే మొదలు. ఖుద్సియా చిక్కు పరదా వెనక ఉంది. అవతల భాగీరథి మిషను వేసింది. సేటు దాని ఎదుట నిలబడ్డాడు. ధోవతి అంచులు రెపరెపలాడాయి. ముఖం ఎర్రబడింది, కండువాతో మెడ తుడుచుకున్నాడు. వాడిపోయిన పుదీనా వైపు, మంచం మీద ఏడుస్తున్న చంటిదాని వైపు చూశాడు. అన్సార్ తెచ్చిచ్చిన నీళ్లు నిలబడే తాగాడు.

"మా ఇంట్ల కూసుంటే ఇది ఎరుకైతదా అన్సార్?" అన్నాడు. తర్వాత పరదా వైపు తిరగకుండానే, "చెల్లె, ఎక్కడ పెడితే మంచిగుంటదో నువ్వు చెప్పు" అన్నాడు.

పరదా వెనక నుంచి జవాబు తడబడకుండా వచ్చింది. "వీధి కిటికీకే పెట్టుండ్రి అన్నా. మీద తడకతోని నీడ కట్టిస్తే ఎండ తగలదు. వీపుకు నీడ, గాలికి దారి, రెండే కద దానికి కావాల్సింది."

నాగప్ప మళ్లీ ఉలి పట్టాడు. వీధి కిటికీ మీద వెదురు తడక లేచింది. గది మునుపంత చల్లబడలేదని సేటు కొన్నాళ్లు గొణిగాడు గాని, ఇందిరమ్మకు శాలువా అవసరం తప్పింది. "గిప్పుడే బాగున్నది, ముసల్దాన్ని గడ్డ కట్టిస్తుండె" అని ఆవిడ తేల్చేసింది.

వాకిలి వైపు కిటికీకి నాగప్ప కొత్త రెక్కలు పెట్టాడు. మేకులు కొట్టబోతే భాగీరథి ఆపింది. "గడియ పెట్టు చాలు. లోపటి దిక్కు మాకొకటి, బయట దిక్కు వాళ్లకొకటి." మగవాళ్లు ఇంట్లో లేని మధ్యాహ్నాలు రెండు గడియలూ తెరుచుకునేవి. కొత్తిమీర కట్టలూ, కుట్టాల్సిన రవికె గుడ్డలూ అటూ ఇటూ నడిచేవి. ఎండ మరీ ఎక్కువైన రోజున భాగీరథి, "పిల్లను ఇటియ్యి, చల్లగ పంటది" అని చేతులు చాచేది.

ఆశ్వయుజంలో మిషను ఆగిపోయింది. అమర్నాథ్ మళ్లీ వచ్చి దాన్ని నేల మీద దించి తొడుగు విప్పాడు. భాగీరథి కిటికీలోంచి, "ఖుద్సియా, కడుపు కోసిన్రు, తొందరగ రా!" అని పిలిచింది. చేతికి పిండి ఉండగానే బురఖా తగిలించుకుని ఖుద్సియా బయల్దేరింది.