లవంగం గుచ్చిన భూగోళాలు

మొన్న నేను చేసిన భూగోళం ఒకటి పక్కింటాయన పన్ను పీకింది, వినండి!

మార్కాపురంలో ఈ వాటాలోకి వచ్చి రెండేళ్లు. మొగుడు లేకుండా, పత్రికలకు సైన్సు వ్యాసాలు రాసుకుంటూ బతికే ఆడదాని గడప ఎవరు తొక్కుతారు? కుక్కర్ విజిల్ వేస్తే "వస్తున్నా" అని దానికే జవాబు చెబుతుంటాను.

గిద్దలూరు హాస్టల్ ఆడపిల్లలకు భూమి లోపలి సంగతులు చెప్పమన్నారు. భూమి కరిగి ఉన్నప్పుడు బరువైన ఇనుము నడిమధ్యకు దిగిపోయింది. సిలికాన్, అల్యూమినియం లాంటి తేలికైనవి ఎక్కువగా పైన మిగిలి పెంకు కట్టాయి. బోర్డు మీద బొమ్మ గీస్తే ఏం గుర్తుంటుంది? అందుకే ముందుగా ఇంట్లో ఒక వాయి బూరెలు వండి చూశాను! పైన పిండి పెంకు, లోపల పూర్ణం, కోసి చూపించాల్సిన వాటిలో మాత్రం నడుమ పాత ఫ్యాను నట్టు. గుర్తుగా వాటికి లవంగం గుచ్చాను. మిగతావి తినడానికి.

అప్పుడు తలుపు చప్పుడు. పక్క వాటా రత్నమ్మక్క! మొదటిసారి! చేతిలో డబ్బా, అందులో చింతకాయ పచ్చడి.

"బూరెల వాసన వచ్చె. ఏం పండగ చెల్లీ?"

మనిషి దొరికింది కదా, ఇక నేను ఆగలేదు, భూమి పాఠమంతా చెప్పేశాను. "బంగారం కూడా చాలావరకు ఇనుముతో పాటే లోపలికి పోయిందక్కా."

"అట్లనా! అందుకేనేమో ఇంత రేటు. ఉత్తపుణ్యానికి మా ఆయన మీద అలిగినా."

ఇద్దరం పడీపడీ నవ్వాం. డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదు కదా! పచ్చడి గిన్నెలోకి తీసి, డబ్బా కడిగి, ఏ బూరెలు పెట్టమంటావని అడిగాను.

"లవంగం గుచ్చినవి పెట్టు. అవే స్పెషల్ మాదిరి ఉండాయి."

ఆమె నవ్వు ముఖమే చూస్తూ పెట్టేశాను.

ఆ ఇంట్లో మొదటి వడ్డన ఆయనకే. గోడ అవతల "అబ్బా!" అని కేక వినబడ్డాక నాకు నట్టు గుర్తొచ్చింది. పరుగెత్తాను. ఆయన ఒక చేత్తో దవడ పట్టుకుని, ఇంకో చేత్తో నాకు గుమ్మం చూపించాడు. "రత్నా, ఇంకోసారి ఆ ఇంటికి పోయినావంటే చూడు!"

ఆ సాయంత్రం మిగిలిన బూరెలు ఒక్కదాన్నే తిన్నాను. కుక్కర్‌తో కూడా మాట్లాడలేదు.

పొద్దున్నే ప్రహరీ మీద గాజుల చెయ్యి, అందులో డబ్బా. మూత తీస్తే కడిగిన నట్లు.

"ఎట్లైనా ఊడేదేలే, ఆ పన్ను ఊగుతానే ఉండె," గుసగుసగా అంది రత్నమ్మక్క. "డబ్బా నీ కాడే పెట్టుకో. తిరిగి ఇయ్యను రావాలి గదా. పది కొడితే ఆయన దుకాణానికి పోతాడు. ఖాళీగా మాత్రం తేవద్దు."

పదింటికి డబ్బా నిండా పలచటి చారు పోసుకుని వెళ్లాను. ఈసారి బరువైనదేమన్నా ఉంటే అడుగున కనబడాలి కదా!