రెండో బెంచీ దాటాక

"గల్లీ దాటనీకే మూడుసార్లు ఆగుతవ్, అడివిల కిలోమీటర్ నడుస్తవా? పిల్లకు నిజం చెప్పరాదు?" భార్య సరిత గొంతు తలుపు దాటి వచ్చింది. "జర మెల్లగ. అది వింటది," అన్నాడు వీరేందర్. ఆదివారం ఆటో ఎన్నింటికి తేవాలో అడగడానికి వచ్చిన పక్క పోర్షన్ ఎజాజ్ గడప దగ్గరే నిలబడిపోయాడు.

కాటేదాన్ బండల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు కోసిన రాళ్ల దుమ్ము వీరేందర్ ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇక తగ్గదని దవాఖానలో చెప్పేశారు. ఎనిమిదేళ్ల సంతోషికి మాత్రం బాపు సెలవులో ఉన్నాడనే తెలుసు. దగ్గు వస్తే, ఇంటి మీదుగా విమానం పోయేదాకా ఆపుకుని ఆ మోతలో దగ్గేస్తాడు. రోడ్డు మీద ఆయాసం వస్తే ఫోన్ తీసి చెవిన పెట్టుకుంటాడు. అవతల ఎవరూ ఉండరు. "ఆఁ, ఆఁ" అంటూ ఊపిరి కూడగట్టుకుని మళ్లీ కదులుతాడు. బాపుతో అడవిలో నడవాలని ఆ పిల్ల ఏడాదిగా అడుగుతోంది. వచ్చే ఏడాదికి వాయిదా వేసే ధైర్యం అతనికి లేదు. అందుకే బుధవారం ఎజాజ్‌ను వెంటబెట్టుకుని అటవీ పార్కులోని చిన్న బాట చూసి వచ్చాడు. చెట్లు చూడలేదు, నెమళ్లు చూడలేదు. బెంచీలు లెక్కపెట్టాడు. రెండో బెంచీ నుంచి మూడోది చాలా దూరం. పైగా అక్కడ సిగ్నల్ లేదు, ఫోన్ నాటకం సాగదు.

బయటికొచ్చి ఎజాజ్‌ను చూసి, తలుపు దగ్గరగా వేశాడు.

"అన్నా, రెండో బెంచీ దాటినంక మోకాలు నొస్తుందని నువ్వే ముందు కూసో. నీ కోసం నేను ఆగినట్టు ఉంటది. మా బిడ్డ నిన్ను ముసలోడా అని ఎక్కిరిస్తది, జర ఓర్చుకో."