చింపని ఫోటో

మా మావయ్య తామ్ సూయ్-కీ సినిమాల్లో శవం వేషం వేస్తాడు. అంతకుముందు టో క్వా వాన్‌లో ఒక టీ దుకాణంలో, ఆవిరి మీద పిండివంటలు ఉడికించే గంపల దగ్గర పనిచేసేవాడు. ఒకరోజు ఆ దుకాణంలో షూటింగు పెట్టుకున్నారు. టీ తాగుతూ బల్ల మీదికి ఒరిగి చచ్చిపోవాల్సిన నటుడు రాలేదు. "నువ్వు కాసేపు వాలు" అన్నారు మావయ్యని. వాలాడు. తర్వాత దర్శకుడు ఆ ముక్క చూసుకుని, "ఇంట్లో స్టవ్ ఆర్పకుండా వచ్చేశానే అని అప్పుడే గుర్తొచ్చినట్టు చచ్చాడు వీడు" అన్నాడట. ఆ ఒక్క మాట మా మావయ్యకి ఇన్నేళ్లు అన్నం పెట్టింది.

చావు మీద నవ్వించే సినిమాలు మా హాంకాంగ్‌లో ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. వాటిలో కొడుకులు పంపకాల దగ్గర కొట్టుకుంటారు, మంత్రం చదివేవాడు మంత్రం మరిచిపోతాడు, ఏడవడానికి పిలిచినవాళ్లు పక్క ఇంట్లోకి వెళ్లి ఏడుస్తారు. మధ్యలో మావయ్య కదలకుండా పడుకుని ఉంటాడు. జనం చివరికి అతని మొహం చూసే నవ్వుతారు.

శవం వేషానికి పట్టింపులుంటాయి. పడుకోబోయే ముందు చేతిలో ఎర్ర కవరు పెట్టాలి. అందులోని డబ్బు ఇంటికి తీసుకెళ్లకూడదు, దారిలోనే ఏదైనా తీపి కొనుక్కుని తినెయ్యాలి. అన్నిటికంటే గట్టి పట్టింపు ఫోటోది. నల్ల రిబ్బను కట్టి శవపేటిక వెనక పెట్టే ఫోటో బతికున్న మనిషిదైతే, ఆఖరి షాటు అవగానే దాన్ని ఆ మనిషి కళ్లముందే చింపెయ్యాలి. చింపకుండా ఉన్న చావు ఫోటో తన మనిషి కోసం కాచుకుని కూర్చుంటుందని మావయ్య నమ్మకం. మేమంతా అతనికి చావంటే భయం లేదనుకునేవాళ్లం. అతని ధైర్యమంతా ఆ పట్టింపుల్లోనే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

కిందటి ఎండాకాలం యిక్ అనే కుర్ర దర్శకుడి సినిమాలో మావయ్యకి పెద్ద శవం దొరికింది. కథ ఇది. అంత్యక్రియల హాలుకి పొరపాటున వేరే ఎవరిదో శవం వస్తుంది. అప్పటికే పూలు వచ్చేశాయి, చుట్టాలు వచ్చేశారు, భోజనాలు చెప్పేశారు. శవాన్ని మార్చడం కష్టం, ఫోటో మార్చడం తేలిక. కాబట్టి వచ్చిన శవానికే ఫోటో తీసి, రిబ్బను కట్టి, దాని ముందు కూర్చుని అందరూ ఏడుస్తారు. ఆ వచ్చిన శవం మావయ్య.

ఆఖరి షాటు తీసిన మధ్యాహ్నం ఎనిమిదో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేశారు. ఆ నంబరు పడితే ఇక్కడ ఎవరి పనులు వాళ్లు వదిలేసి ఇళ్లకి పరిగెత్తాల్సిందే. షూటింగు సామాను చూసే ఫోక్ షింగ్ గొడుగు కింద నుంచే అరిచాడు: "సూయ్ అన్నా, ఫోటో రేపు చింపుదాం."

"సరేలే, రేపు" అని మావయ్యే అన్నాడు.

రేపు అంటే తుఫాను, ఎల్లుండి సెలవు, ఆ తర్వాత మరో సినిమా. అలా అది ఉండిపోయింది.

చలికాలం పోయేసరికి మావయ్యకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండెలో ఒక కవాటం పాడైందని, మార్చాలని సర్కారు ఆస్పత్రిలో చెప్పారు. చాలా కాలం వరసలో ఉన్నాక సోమవారం పొద్దున ఆపరేషను అని కబురు వచ్చింది. ఆ ముందు వారం సంతకాలు పెట్టడానికి నేనే తోడు వెళ్లాను. డాక్టరు నిదానంగా చెప్పింది: ఈ తేదీ వదులుకుంటే మళ్లీ వరస చివరికి వెళ్తారు, ఆ గుండె అంతవరకు తట్టుకుంటుందన్న హామీ లేదు. మావయ్య బుద్ధిగా తలూపాడు. సంతకం కూడా అందంగా పెట్టాడు.

బయటికొచ్చి బస్టాపులో నిలబడ్డాం. రెండంతస్తుల బస్సు మలుపు తిరిగింది. దాని పక్క భాగమంతా, పై కిటికీల నుంచి కింది చక్రాల దాకా, మావయ్య ఫోటో. నల్ల రిబ్బను, చుట్టూ తెల్లచేమంతులు. కింద పెద్ద అక్షరాలతో "ఈయనెవరో మీకు తెలుసా?" అని రాసి, ఆ పక్కన విడుదల తేదీ వేశారు.

బస్సు సరిగ్గా మా ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది.

మావయ్య ఎక్కలేదు. డ్రైవరు చూశాడు, నేను చూశాను. మావయ్య కళ్లు మాత్రం పైన ఆ పెద్ద కళ్లని పట్టుకుని ఉన్నాయి. తలుపు మూసుకుని బస్సు కదిలినప్పుడు, ఫోటోలో మొహం మెల్లగా అతని ముందు నుంచి జారిపోతుంటే, అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నొప్పి వచ్చిందేమోనని హడలిపోయాను.

"చింపలేదే లామ్" అన్నాడు నాతో. "వాళ్లు చింపలేదు. సోమవారం నేను రాను."

ఫోక్ షింగ్ గోదాము క్వున్ తాంగ్‌లో ఒక పాత ఫ్యాక్టరీ మేడ మీద ఉంటుంది. అట్నుంచటే మేం వెళ్లేసరికి అతను కప్పులో నూడిల్స్ తింటున్నాడు. వెనక గోడకి అసలు ఫోటో, రిబ్బనుతో సహా, అలాగే వేలాడుతోంది. మావయ్యని చూసి అతని చేతిలో పుల్లలు ఆగిపోయాయి.

"నన్ను నీ నెత్తిన వేలాడదీసుకుని తింటున్నావా?" అన్నాడు మావయ్య.

"అన్నా, ఒట్టు, మరిచిపోయా. ఇప్పుడే." ఫోక్ షింగ్ ఫ్రేము దించి, అద్దం తీసి, ఫోటోని నాలుగు ముక్కలు చేశాడు.  ఎర్ర కవరు కోసం సొరుగులన్నీ వెతికి, దొరక్క, కొత్త సంవత్సరానికి మిగిలిన మిఠాయి డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు.

మావయ్య డబ్బా తీసుకోలేదు. "మరి బస్సుల మీదవి?"

"బస్సుల్ని నేనెలా చింపనన్నా?"

"ఎన్ని వేశారు?"

"అడక్కు."

"రైలు స్టేషన్లలో కూడానా?"

ఫోక్ షింగ్ తలొంచుకున్నాడు. "యిక్‌కి ఆ మొహం తెగ నచ్చేసింది. 'ఇంత ఒంటరిగా ఎవరూ చావలేరు' అన్నాడు. నేను చెప్పా అన్నా, పట్టింపు ఉంది, వద్దు అని. నవ్వాడు. చదువుకున్నవాళ్లు కదా." అప్పుడు నా వైపు చూసి, "నిన్ను అనలేదమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కమ్-హో అత్తయ్య చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడింది. ఆవిడ బేకరీలో పనిచేస్తుంది. మాట కూడా పొయ్యి మీద నుంచి దించినట్టే ఉంటుంది.

"నీ గుండెలో కవాటం పాతబడింది, బుర్ర అంతకంటే పాతబడింది. వాళ్లు మార్చేది ఒక్కటే అట. ఏది మార్పించుకుంటావో చూసుకో."

మావయ్య లేచి వీధి వైపు కిటికీ మూశాడు.

"బల్ల మీద పోతావని భయమా? ఇంట్లో పోతే ఎవరు మోస్తారు నిన్ను? లిఫ్టులో నిలబెట్టి దించాలి. అప్పుడు కూడా జనం నవ్వుతారు." అని నా మీదికి తిరిగింది. "నువ్వు చెప్పవే. అన్ని చదువులు చదివావు."

నాకు నలుగురిలో మాట రాదు, ఇద్దరిలోనూ అంతంత మాత్రమే. "అది కాగితం మావయ్యా" అన్నాను.

"నువ్వు చదివేవీ కాగితాలేగా. వాటి మీద పడి ఏడవవూ?"

 నిజానికి నాకూ భయంగానే ఉంది. కాలేజీకి వెళ్లే దారిలో ప్రతి గోడ మీదా మా మావయ్య పోయి ఉన్నాడు. మొదటి రోజు తల తిప్పుకున్నాను. రెండో రోజు, తిప్పుకుంటే ఏమవుతుందోనని భయపడి, దగ్గరికి వెళ్లి చూశాను. ఎవరో మీసాలు గీశారు.

శనివారం మావయ్య తనే అడిగాడు. "సినిమా చూద్దాం పద. నేనెప్పుడూ నన్ను చూసుకోలేదు."

యావ్ మా తేలో మధ్యాహ్నం ఆట. హాలు నిండింది. శవం మారిపోయిందని తెలిసిన చోట నవ్వారు. ఫోటో మార్చిన చోట మరీ నవ్వారు. ముందు వరసలో ఒకతను నవ్వు ఆపుకోలేక కుర్చీ చేతిని కొట్టాడు. నాకూ నవ్వొచ్చింది, నోరు మూసుకున్నాను. మావయ్య చెయ్యి నా చేతిలో చేపలా చల్లగా ఉంది.

ఆఖర్న చుట్టాలందరూ భోజనాలకి వెళ్లిపోతారు. విధవరాలు ఒక్కతే ఫోటో ముందు మిగులుతుంది. చాలాసేపు చూసి, "ఇంతకీ నువ్వెవరయ్యా?" అంటుంది. ఫోటో ఆమెని చూస్తూ ఉంటుంది. ఆమె గడియారం చూసుకుని, తనూ భోజనానికి వెళ్తుంది. ఖాళీ హాలు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. అంతే. అతనెవరో ఎవరికీ తెలియదు, ఎవరూ వెతకరు. జనం అప్పుడు కూడా నవ్వారు, కానీ ఈసారి నవ్వు మధ్యలోనే తెగిపోయింది. ఎవరో దగ్గారు.

"పేరు పెట్టలేదే వాడికి" అన్నాడు మావయ్య చిన్నగా. "పడుకున్నప్పుడు నాకు చెప్పలేదు. ఏదో పేరు ఉండే ఉంటుందనుకుని పడుకున్నా."

లైట్లు వెలిగాయి. మావయ్య పక్కన కూర్చున్న పెద్దావిడ సంచీ తీసుకుంటూ ఇటు చూసింది. మళ్లీ చూసింది. సంచీని గుండెకి అదుముకుంది.

"మీరు... ఆయనేనా?"

"అవునమ్మా."

"మరి మీరు..."

"ఇంకా పోలేదు. సోమవారం ఉంది."

ఆవిడ ఆ చివర కూర్చున్న వాళ్ల మోకాళ్లు తొక్కుకుంటూ బయటపడింది. మావయ్య ఆవిడ వెళ్లినవైపే చూశాడు. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. కింద, సందు మొదట్లో, తన పోస్టరుకి కాస్త ఎడంగా నిలబడి అన్నాడు: "సోమవారం వస్తా. ధైర్యం వచ్చి కాదు. ఇంట్లో దాక్కుందామంటే ఆ బస్సు మన వీధిలోంచే పోతుంది."

సోమవారం పొద్దున అతనికి ఆకుపచ్చ గౌను తొడిగి, తలకి టోపీ పెట్టి, స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. కళ్లు మూసుకోవడానికి ఒప్పుకోలేదు. మూస్తే నిజంగానే వేషంలా ఉంటుందన్నాడు. నర్సు కాగితాలతో ముందు వెళ్లిపోయింది. స్ట్రెచర్ తోయడానికి ఒక సన్నటి మనిషి వచ్చాడు. కమ్మీ పట్టుకున్నాడు, మావయ్య మొహం చూశాడు, కమ్మీ వదిలేశాడు.

"నేను తోయను" అన్నాడు.

"ఏం?" అంది అత్తయ్య.

"మా ఇంటి దగ్గర బస్టాపులో ఈయన ఫోటో ఉందండీ. రోజూ దాని కింద నిలబడే పనికొస్తున్నా. ఇప్పుడు ఆపరేషను థియేటర్లోకి ఈయన్ని తీసుకెళ్లేది నేనే అయితే..." మిగతాది మింగేశాడు. "వేరే ఎవరినైనా పిలుస్తా."

అత్తయ్య నోరు తెరవబోయింది. మావయ్య చెయ్యెత్తి ఆపాడు.

"పేరేంటి తమ్ముడూ?"

"వోన్."

"చూడు వోన్. నువ్వు వేరేవాడిని పిలిస్తే వాడూ చూస్తాడు. వాడింటి దగ్గర కూడా బస్టాపు ఉంటుంది."

వోన్ కదల్లేదు. అతని నుదుటి మీద చెమట నాకు కనిపిస్తోంది. ఈలోగా లోపలివాళ్లు విసుక్కుని ఇంకెవరినో తీసుకెళ్తారేమో, వరస దాటిపోతుందేమోనని నేను తలుపు వైపే చూస్తున్నాను. మొన్నటిదాకా రానన్న మనిషి ఇప్పుడు తీసుకెళ్లమని బతిమాలుతున్నాడు.

"నాకూ భయంగానే ఉంది" అన్నాడు మావయ్య. "నీకంటే ఎక్కువే ఉంది, నేను పడుకుని ఉన్నా కదా. ఒక పని చెయ్యి. నా మొహం చూడకు. కళ్లు మూసుకుని తొయ్యి. నావి తెరిచే ఉంటాయి, దారి నేను చెప్తా."

వోన్ చెమట తుడుచుకున్నాడు. తర్వాత కమ్మీ పట్టుకున్నాడు. నిజంగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"నేరుగా" అన్నాడు మావయ్య.  "నిదానం. ఎడమ పక్క బకెట్టు ఉంది, జరుగు. ఆఁ. ఇంకొంచెం. ఇప్పుడు కుడికి."

మేమిద్దరం వెనకే నడిచాం. నేల మీద ఎర్ర గీత దగ్గర మమ్మల్ని ఆపేశారు. రెండు రెక్కల తలుపు వాళ్లిద్దరినీ లోపలికి తీసుకుని మూసుకుంది. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. లోపల్నుంచి మావయ్య గొంతు ఇంకా వినిపిస్తోంది, మెల్లగా దూరమవుతూ, "ఆగు వోన్, తలుపు... పద, పద..." అంటూ. తర్వాత ఏదో యంత్రం మోత మొదలైంది. ఆ మోత వెనక అతను ఇంకా మాట్లాడుతున్నాడో లేదో వినడానికి, ఇద్దరం చెవులు తలుపు వైపు పెట్టి నిలబడ్డాం.